ఆగే టైరు

కరీంనగర్ కాంట్రాక్టర్ ఓదెలు
రాయి బాకీ పదకొండు లక్షలు తీర్చలేక
ఓ పొద్దుగాల నా గ్రానైట్ యార్డుల
ఈ రెండు సీట్ల ఎర్రబండిని నిలబెట్టి
తాళం నా చేతుల పెట్టి ఆటోల పోయిండు.

అమ్మేద్దామనుకున్న.
ఒక్కపారి తాళం తిప్పిన.
ఆ చప్పుడు కడుపుల పడ్డంక
బేరానికొచ్చిన ఇద్దరిని రేపు రమ్మని పంపిన.
ఆ రేపటికి మూడేండ్లయింది.

మొన్న జూలైల, మడికొండ దాటినంక, వాన.
గుట్ట దిక్కు నుంచి బర్రెల మంద.
బ్రేకు తొక్కిన.
బండి విన్నది. టైర్లు వినలే.
జారి జారి
ఆఖరి బర్రెకు జానెడు దూరంల ఆగింది.
బర్రె మెడ తిప్పి నన్ను చూసింది,
అప్పు అడగవోతే ఓదెలు చూసినట్టు.

ములుగు రోడ్డుల యాకయ్య దుకాణం.
అందరి లెక్క ఆయన బండి అందం చూడలే.
మోకాళ్ళ మీద కూసొని
టైరు చెంప మీది మట్టి బొటనవేలితోటి తుడిచిండు.
"నాలుగంకెలున్నయి, చదువు సువర్ణక్కా."
"ఇరవై మూడు... పదిహేను."
"పదిహేనుల, ఇరవై మూడో వారం పుట్టింది.
గీతలు మంచిగనే ఉన్నయి, రబ్బరే రాయి అయింది.
రాళ్ళు నీ దగ్గర తక్కువున్నయా?"

నెలనెలా గీతలల్ల రూపాయి బిళ్ళ నిలబెట్టి
లోతు చూసుకున్న గని
వయసు అడగలే.

రెండు రకాలు తెచ్చి పరిచిండు.
ఒకటి మెత్తది. గోరు గుచ్చితే దిగుతది.
గొంగళి పురుగు కొమ్మను పట్టినట్టు రోడ్డును పడతది,
పదిహేను వేల కిలోమీటర్లకు ఖతం.
వాన నీళ్ళు ఎటు పంపాల్నో దానికి తెల్వదు.
ఇంకోటి గట్టిది. అరవై వేలు నడుస్తది.
నా కండ్లద్దాల నంబరు రెండుసార్లు మారినా అది మారదట.
ధర సగం, పట్టు గూడ సగమే.

నా చెయ్యి మెత్తదాని మీదనే ఉన్నది.
అబద్ధమెందుకు, ఆశ.
తెల్లారగట్ల రింగు రోడ్డు మలుపు, ఎవ్వరు లేకుంట...

"ఎక్కడెక్కడ నడుపుతవక్కా?"
చెప్పిన.
యార్డు నుంచి హన్మకొండ చౌరస్తా. బ్యాంకు.
కాజీపేట బ్రిడ్జి. కూరగాయలు, పక్క సీట్ల.
మిర్చి సీజన్ల ఎనుమాముల దిక్కు పోను, లారీలు కదలయి.
ఆదివారం ధర్మసాగర్ దాకా.
చెప్తాంటే నాకే నవ్వొచ్చింది.
మూడేండ్లల ఒక్కసారి నూట నలభై తాకిన,
నాలుగు సెకండ్లు,
ముల్లు చూసి నేనే భయపడ్డ.

యాకయ్య నవ్వలే.
"మే నెల రోడ్డు పెనం. జూలై రోడ్డు చెరువు.
నడుమ స్పీడ్ బ్రేకర్లు, ఎవరేసిన్రో వాళ్ళకే తెల్వదు.
నీకు ఉరికే టైరు గాదక్కా,
ఆగే టైరు గావాలె."
లోపలి అర్రల నుంచి మూడోదాన్ని దొర్లించుకొచ్చిండు.
నడుమ నాలుగు కాలువలు, అంచుకు దిట్టమైన రబ్బరు.
ముప్పై వేలు నడుస్తదట.
ధర మాత్రం మెత్తదాని కన్న ఎక్కువ!
"రెండు మార్చి రెండు ఉంచుకుంటనంటే
నా దుకాణం మెట్లెక్కకు."

బేరం చేసిన.
చెయ్యకపోతే రాళ్ళమ్మే మనిషినెట్లయిత?
వెయ్యి తగ్గిచ్చి, గాలి ఉత్తగ కొట్టిండు.
ఈసారి నాలుగంకెలు నేనే ముందుగాల చదివిన.

పాతవి యార్డుకు పంపిన.
నల్ల పలకలు గీసుకపోకుంట
నడుమ ఆనుగ పెట్టిన్రు మావోళ్ళు.
రాయైన రబ్బరు, రాయి,
రెండు బాగనే కుదిరినయి.

కొత్త టైరుకు సన్న సన్న వెంట్రుకలుంటయి,
దూడ మూతి లెక్క.
ఎవరన్న చూస్తున్నరేమోనని అటిటు చూసి
ఒకసారి నిమిరిన.

"పైన మైనముంటది. రెండొందల కిలోమీటర్లు పైలం,"
అన్నడు యాకయ్య.
అందుకే హంటర్ రోడ్డుల నలభై మీద పోతున్న.
ఓ ట్రాలీ ఆటో, దాంట్ల ఫ్రిజ్జు,
ఫ్రిజ్జును కావలిచ్చుకొని ఓ పోరడు,
నన్ను దాటిపోయిన్రు.
పోరడు వంగి చూసి, పాపం, అడిగిండు:
"ఖరాబైందా పెద్దమ్మా?"